మాట వచ్చేదాకా

"మీరు కాసేపు బయట కూర్చోండి. మేం భోజనాలు కానిస్తాం. ఈలోగా మీరూ ఆలోచించుకోండి" అన్నారు ఆరోగ్య పథకం కమిటీలోని పెద్ద డాక్టరుగారు. సరేనని లేచాను. ఫైలు చంకలో పెట్టుకుని, తలుపు నేనే దగ్గరికి వేసి, ఈ వరండాలో కిటికీ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. భయం లేదు. చెప్పాల్సింది చెప్పేశాను, నా గురించి నేనే చెప్పుకోకూడదు గానీ బాగానే చెప్పాను. మా ఆసుపత్రిలో బిల్లింగ్ విభాగానికి నేను పెద్దని. రేట్ల పట్టికలో ఏ పేజీలో ఏముందో తెలిసినంతగా మా వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో నాకు తెలియదని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాడు, చెబుతూ చెబుతూ వాళ్లకు టీ కూడా ఆయనే పెడుతుంటాడు. కాబట్టి నా కాళ్లు ఇలా ఊగుతున్నాయంటే అది భయం కాదు. బల్ల ఎత్తుగా ఉంది, అంతే. లోపల ప్లేట్ల చప్పుడు, ఎవరిదో నవ్వు. నవ్వనీ. నవ్వుతూ తినేవాళ్లు కడుపునిండా తింటారు, కడుపు నిండినవాళ్లు కాస్త మెత్తబడతారు. కిటికీ అవతల పార్కింగ్‌లో ఒకతను కారు తుడుస్తున్నాడు, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు, నేనూ ఆలోచించిన చోటే మళ్లీ ఆలోచిస్తున్నాను: ఒప్పుకోవడమా, మానడమా.

నువ్వసలు ఏం పని చేస్తావే అని అమ్మ అడుగుతుంది, ఏడాదికోసారైనా అడుగుతుంది, ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వింటుంది. ఆరోగ్య పథకం వాళ్లు బోలెడు మంది దగ్గర నెలనెలా చందా తీసుకుంటారమ్మా, ఆ మనుషులకు జబ్బు చేస్తే మేం వైద్యం చేస్తాం, చేసిన ప్రతి పనికీ ఒక నంబరుంటుంది, దాన్ని కోడ్ అంటాం, కోడ్ పక్కన ఒక రేటుంటుంది, ఆ కోడ్‌లన్నీ వరసగా పేర్చి కంప్యూటర్లో క్లెయిమ్ పంపితే అవతల వాళ్ల కంప్యూటరు చదువుకుని మాకు డబ్బు పంపుతుంది. "మరి కోడ్ లేని పని చేస్తేనో?" అంది అమ్మ ఒకసారి. "చేయనట్టే" అన్నాను. "అదేమిటే, చేశాక చేయనట్టెలా అవుతుంది?" అంది. నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నవ్వానుగానీ ఇవాళ లోపల నేను చేసింది అమ్మ ప్రశ్నే కాస్త చొక్కా తొడిగి, టక్ చేసి నిలబెట్టడం. అయ్యా, స్వరపేటికకు క్యాన్సర్ వస్తే దాన్ని కోసి తీసేయడానికి కోడ్ ఉంది. ఆ తర్వాత మనిషి ఊపిరి పీల్చుకోవడానికి మెడ దగ్గర పెట్టే రంధ్రానికి కోడ్ ఉంది. దాన్ని శుభ్రం చేయడానికి ఉంది, కట్టు మార్చడానికి ఉంది, గొంతుకు బదులుగా మెడకు ఆనించుకుంటే బుయ్‌మని మోగే చేతి యంత్రానికి కూడా ఉంది. గొంతు పోయిన మనిషికి మళ్లీ మాట నేర్పడానికి మాత్రం లేదు. పంపిన ప్రతి క్లెయిమూ 'ఈ సేవ పట్టికలో లేదు' అనే ముక్కతో తిరిగొస్తోంది. మా ఆసుపత్రి ఇన్నాళ్లూ సొంత ఖర్చుతో ఆ క్లాసు నడిపింది. ఈసారి కూడా పట్టికలో చేర్చకపోతే ఇక ఆపేస్తామని యాజమాన్యం తేల్చి చెప్పింది.

వాళ్లు పొమ్మనలేదు. ఇస్తామన్నారు, సగం ఇస్తామన్నారు. ఒక్కొక్కరికి విడిగా నేర్పే పాఠానికి ఇవ్వలేం, నలుగురైదుగుర్ని కూర్చోబెట్టి ఒకేసారి నేర్పే గుంపు పాఠానికైతే ఒక కోడ్ ఇస్తాం, పట్టికలో ఒకటే వరస, ఒకటే రేటు. రెండూ కావాలన్నాను. గుంపుకొకటి, విడికొకటి, రెండు కోడ్‌లు ఇప్పించండి అన్నాను. అప్పుడు లెక్కలు చూసే మెంబరావిడ, కళ్లద్దాలకు గొలుసు కట్టుకున్నావిడ, విసుగ్గా తల పైకెత్తి, "ఇస్తామంటుంటే ఇలా గొంతెమ్మ కోరికలు కోరితే ఎలాగమ్మా" అంది. అనేశాక ఆవిడకే తట్టింది ముందు తనేమందో. గొంతుల గురించి మాట్లాడుకుంటూ గొంతెమ్మ! పెద్ద డాక్టరుగారు దగ్గు నటించారు, కుదరక నవ్వేశారు, ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వాక కూడా ఆవిడ మాట మార్చుకోలేదు. నాకు ఆవిడంటే కోపం లేదు, సరే అన్న ప్రతిదానికీ ఇంకెక్కడో కోత పెట్టాల్సిన మనిషి ఆవిడ. నవ్వుల మధ్యలో నేను మాత్రం బల్ల కిందికి చూశాను, వాళ్ల కాళ్లు చూశాను. అది మామయ్య నేర్పిన విద్య.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. కూరగాయల మార్కెట్‌లో వేలంపాట పాడించేవాడు. మార్కెట్ మొత్తం ఆయన్ని 'మైకు' అనేది, మైకు అక్కర్లేని గొంతు కాబట్టి. తెల్లవారుతుండగా బోర్లించిన డబ్బా మీదికెక్కి, ఒక చేత్తో బస్తా మూతి పట్టుకుని, "చూసుకోండి, వాసన చూసుకోండి, తర్వాత నా మీద పడి ఏడవకండి" అని మొదలుపెట్టేవాడు. ఆ చివర షెడ్డులో టీ తాగుతున్నవాడు కూడా గ్లాసు దించేవాడు. సెలవుల్లో నన్ను తీసుకెళ్లి బస్తాల మీద కూర్చోబెట్టేవాడు, నేను చెవులు మూసుకునేదాన్ని, మూసుకున్నా వినిపించేది, ఛాతీలో వినిపించేది. తిరిగొచ్చేటప్పుడు చెప్పేవాడు: "పాట పెంచేవాడి నోరు చూడకమ్మాయ్, నోరెప్పుడూ అబద్ధమే చెప్తుంది. కాళ్లు చూడు. వెళ్లిపోయేవాడి కాళ్లు ముందే తిరుగుతాయి." ఇందాక బల్ల కింద ఎవరి కాళ్లూ తిరిగి లేవు. లెక్కల మెంబరావిడ చెప్పులు విడిచేసి ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని తీరిగ్గా కూర్చుంది. అంటే పాట ఇంకా అయిపోలేదు. అందుకే వెంటనే సరే అనలేదు, కాదనీ అనలేదు, "కొంచెం వ్యవధి ఇవ్వండి" అన్నాను. ఆ వ్యవధే ఇది, ఈ బల్ల, ఈ కిటికీ, ఆ కారు.

టీచరమ్మకు ఫోన్ చేశాను. టీచరమ్మంటే మా ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ. వయసులో నాకంటే చిన్నదే, తాతల్లాంటి రోగులు కూడా టీచరమ్మా అంటారు కాబట్టి డాక్టర్లూ అలాగే అంటారు. గుంపు సంగతి చెప్పగానే అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"గుంపేంటి? నీకేమైనా పిచ్చా? గొంతు పోయినవాణ్ని తీసుకొచ్చి మొదటి రోజే పదిమందిలో కూర్చోబెట్టి నోరు తెరవమంటే తెరుస్తాడా?"

"అసలేమీ లేకపోవడం కంటే నయం కదా."

"నయం కాదు. ఇంటికెళ్లి మళ్లీ రాడు. రానివాడికి నేనేం నేర్పను? నువ్వు ఒప్పుకుంటే ఒప్పుకో. నేను మాత్రం ఆ పని చేయను, వేరే ఆసుపత్రి చూసుకుంటాను, చెప్తున్నా."

బెదిరింపు కాదది. ఆమె బెదిరించదు, చేసేస్తుంది. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు, నా కళ్లతో చూశాను గనక తెలుసు. మామయ్య గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక నెలల తరబడి ఆ ఇంట్లో వినిపించింది చెంచా చప్పుడే. కావాల్సినప్పుడల్లా కంచం మీద చెంచాతో కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే నీళ్లు, దడదడా కొడితే అత్తయ్య ఎక్కడున్నా రావాలి. చేతి యంత్రం తెచ్చి ఇస్తే ఒక్కసారి మెడకు పెట్టుకుని, బుయ్‌మనగానే తీసేసి, కాగితం మీద 'దోమ' అని రాసి నా చేతిలో పెట్టాడు. మార్కెట్ వైపు వెళ్లలేదు. మార్కెట్ వాళ్లు ఇంటికొస్తే నిద్రపోతున్నట్టు పడుకునేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాడు, అవతలివాడు హలో హలో అని అని పెట్టేసేదాకా వినేవాడు, ఆ తర్వాత ఫోన్‌ని బోర్లా పెట్టేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే లేనివాడికి ఊరెలా ఉంటుందో ఆ సామెత చెప్పినవాళ్లు ఆలోచించినట్టు లేరు.

నేనే లాక్కొచ్చాను టీచరమ్మ దగ్గరికి. స్వరపేటిక లేకపోయినా మాట వస్తుంది మామయ్యా, గాలిని కాస్త ఆహారనాళంలోకి మింగి, వెంటనే పైకి వదిలితే అక్కడి గోడలు అదురుతాయట, ఆ అదురునే మాటగా మలుచుకోవాలట అని దారంతా చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. లోపలికి తీసుకెళ్లి తలుపేసింది టీచరమ్మ. తలుపుకున్న గాజుముక్కలోంచి చూస్తూ నిలబడ్డాను, చూడకూడదని తెలుసు, అయినా చూశాను. గాలి మింగండి, అంటోంది టీచరమ్మ. కడుపులోకి కాదు, గొంతు దాకానే. ఇప్పుడు వదలండి. ఆయన మింగాడు, వదిలాడు, వచ్చింది ఒక శబ్దం. అచ్చం త్రేన్పు. చిన్నప్పుడు మేం భోజనాల దగ్గర త్రేనిస్తే నెత్తిమీద ఒక్కటిచ్చిన మనిషి. చెవులు ఎర్రబడిపోయాయి, గోడ వైపు తిరిగిపోయాడు, లేచి తలుపు దాకా వచ్చాడు. ఆమె అడ్డంగా నిలబడింది, ఆయన భుజం దాకా కూడా రాదు, అయినా నిలబడింది. "అది త్రేన్పు కాదు. అది 'ప'. మీరు 'ప' అన్నారు. మళ్లీ అనండి" అంది. ఆ గదిలో ఇంకొక్క మనిషి ఉండి ఉంటే, ఎవరైనా సరే, నేనే అయినా సరే, ఆయన తలుపు తోసుకుని వెళ్లిపోయేవాడు. ఆ 'ప'కి సాక్షులు ఉండకూడదు. కాబట్టి టీచరమ్మ చెప్పిందే నిజం, గుంపుకి ఒప్పుకోకూడదు, లోపలికెళ్లి వద్దని చెప్పేయాలి. చెప్పేస్తే ఏమవుతుంది? కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో వాళ్లకే తెలియదు. ఈలోపు మా యాజమాన్యం క్లాసు ఎత్తేస్తుంది. వద్దంటే క్లాసు పోతుంది, సరేనంటే టీచరమ్మ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యికీ గొయ్యికీ మధ్య నిలబడటానికి కాస్తయినా చోటుంటుంది గదా, ఎప్పుడూ ఉంటుంది, లేకపోతే సామెత చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెప్పాడు?

కారు తుడిచేవాడు ఇప్పుడు అద్దాలు పట్టాడు. లోపల ఎవరో పెరుగు కావాలన్నారు. ఫోన్ మోగింది, అత్తయ్య.

"ఏమ్మాయ్, తేల్చారా? పొద్దుట్నుంచీ మీ మామయ్య నన్ను తినేస్తున్నాడు, కనుక్కో కనుక్కో అని."

"ఇంకా లేదత్తయ్యా. గుంపుగా నేర్పితేనే ఇస్తామంటున్నారు. విడిగా కుదరదంట."

"గుంపుగానా? మంచిదేగా!"

"మంచిదేంటత్తయ్యా? మొదట్లో మామయ్య ఎంత సిగ్గుపడ్డాడో నీకు తెలియదా?"

"మొదట్లో సంగతి వేరు. ఇప్పుడు చూడాలి. ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడవయ్యా అంటే బద్ధకం, తల ఊపుతాడు. ఆ క్లాసు రోజు మాత్రం తెల్లారకముందే తయారు. అక్కడ వంతు కోసం కాచుకుని ఆ లారీ డ్రైవరూ, దర్జీ ఆవిడా, ఆ బడిపంతులూ ఉంటారు కదా, వాళ్లు దొరికితే చాలు, నోరు మూతపడదు. మొన్న ఏం చేశాడో తెలుసా? టీచరమ్మ వచ్చేలోపు అక్కడున్న బరువు చూసే మిషన్ని వేలం వేశాడు."

"వేలమా?"

"వేలమే! 'చూసుకోండి, బాగా చూసుకోండి' అంటాడు. మాట మాటకీ గాలి మింగాలి కదా, ఆగి ఆగి అంటాడు. ఆగినప్పుడల్లా దర్జీ ఆవిడ పాట పెంచేస్తుంది. ఆ బడిపంతులు నవ్వలేక చచ్చాడు, వాళ్లకు నవ్వితే చప్పుడు రాదుగా, భుజాలు ఊగిపోతాయి అంతే. నలుగురివీ భుజాలే ఊగుతున్నాయి. చివరికి ఆవిడకే కొట్టేశాడు మిషను. నర్సు వచ్చి తిట్టింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పాట పాడించేటప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడమ్మాయ్, ఒక కాలు ముందుకేసి. ఇంట్లో నా ముందు అలా ఎప్పుడైనా నిలబడ్డాడా?"

అత్తయ్య ఫోన్ పెట్టేసింది గానీ ఆ బరువు చూసే మిషను నా కళ్ల ముందే ఉంది. అత్తయ్య చెప్పిందీ నిజమే, టీచరమ్మ చెప్పిందీ నిజమే, ఒకదానికొకటి అడ్డం రావు. ఒకటి ముందు, ఒకటి వెనక. 'ప' పుట్టేటప్పుడు తలుపు వేసి ఉండాలి. పుట్టాక తలుపు తెరవాలి, తెరవకపోతే ఆ 'ప' ఆ గదిలోనే ముసలిదైపోతుంది. నేనేం చేశాను ఇంతసేపూ? గుంపొకటి, విడి ఒకటి అని రెండు ముక్కలు చేసి, రెండూ ఇవ్వండి అని అడిగాను, వాళ్లేమో అందులో చవకది ఏరుకున్నారు. చవగ్గా ఉందని వాళ్లు ఇవ్వబోతుంటే, చవగ్గా ఉందనే నేనూ దాన్ని తక్కువగా చూశాను. అదేం తక్కువ కాదు. మామయ్యను మళ్లీ మనిషిని చేసింది ఆ సగమే. కాకపోతే దానికి ముందున్న సగం లేకుండా అది పనిచేయదు. ఒకే పాఠం, రెండు దశలు. ఇది నాకు ముందే తట్టి ఉంటే పొద్దున ఇంకోలా మాట్లాడేదాన్ని. పోనీలే, ఇంకా భోజనాలు అవలేదు.

కానీ ఒకటే వరస ఇస్తామన్నారు. ఒకటే వరసలో రెండు దశలు ఎలా పడతాయి? ఇలా అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది. కంప్యూటర్ల అధికారి, మెడలో కార్డు వేలాడేసుకున్న సన్నటి మనిషి, మంచినీళ్ల దగ్గరికొచ్చాడు. పథకం వాళ్ల కంప్యూటర్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. లోపల అందరికంటే తక్కువ మాట్లాడింది ఆయనే. నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"మీరు రెండు కోడ్‌లు అడగ్గానే నా గుండె జారిపోయింది మేడమ్."

"ఎందుకండీ?"

"పట్టికలో కొత్త వరస చేర్చాలంటే ప్రతి ఆసుపత్రి కంప్యూటరూ దాన్ని నేర్చుకోవాలి. ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, అందరూ నాకే ఫోన్ చేస్తారు. పోయినసారి ఒక్క వరస చేర్చినప్పుడు మా ఆవిడ నన్ను ఇంట్లో చూసింది ఎప్పుడో గుర్తుచేసుకోవాల్సి వచ్చింది."

నవ్వాను. నవ్వుతూ ఉండగానే తట్టింది. తట్టిందంటే ఎక్కడినుంచో ఊడిపడలేదు, రోజూ చేతులతో తిప్పే వస్తువే, అలవాటు కొద్దీ కనిపించలేదు, నెత్తిమీద కళ్లద్దాలు పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు.

"మరి తోక పెడితేనో?" అన్నాను.

"తోకా?"

"మా విభాగంలో అలా అంటామండీ. కోడ్ వెనకాల రెండక్షరాలు చేరుస్తాం కదా, కుడి కంటికి ఒకటి, ఎడమ కంటికి ఒకటి. ఆపరేషన్ ఒకటే, కోడ్ ఒకటే, తోక వేరు. దీనికి కూడా కోడ్ ఒకటే ఇవ్వండి. విడిగా నేర్పినప్పుడు ఒక తోక, గుంపులో నేర్పినప్పుడు ఒక తోక."

ఆయన గ్లాసు నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాడు. కళ్లు పైకప్పు మీదికి వెళ్లాయి, ఎక్కడికి వెళ్లాయో నాకు తెలుసు. ఆయన తల లోపల పట్టిక తిరుగుతోంది, క్లెయిమ్ ఇక్కణ్నుంచి బయల్దేరి అక్కడికి వెళ్లి ఏ గడపలో తట్టుకుంటుందో చూసుకుంటున్నాడు. నా తల లోపలా అదే తిరుగుతోంది. ఇద్దరు వంటవాళ్లు పొయ్యి లేకుండానే ఒకే వంట రుచి చూస్తున్నట్టు నిలబడ్డాం.

"తోకలు ఇప్పటికే ఉన్నాయి" అన్నాడు మెల్లగా. "వాడనివి కూడా ఉన్నాయి. తోకకి వేరే రేటు కూడా కట్టొచ్చు. కొత్త వరస ఒకటే కాబట్టి... ఇబ్బందేం లేదు మేడమ్. ఇరుక్కోదు."

"ఈ మాట లోపల మీరంటారా, నన్ను అనమంటారా?"

"మీరే అనండి. నావైపు చూస్తారు కదా అందరూ, అప్పుడు నేను తల ఊపుతాను." నీళ్లు గటగటా తాగి వెళ్లిపోయాడు. ఆయన కాళ్లు చూశాను, తేలిగ్గా పడుతున్నాయి.

టీచరమ్మకు మళ్లీ ఫోన్ చేద్దామనుకున్నాను. చేయలేదు. పాట సాగుతున్నప్పుడు మధ్యలో పక్కవాణ్ని సలహా అడిగేవాడు సరుకు పోగొట్టుకుంటాడు. అయినా ఆమె ఏమంటుందో నాకు తెలుసు, ఏం చూసుకుంటుందో తెలుసు. మొదటిరోజు తలుపు వేసి ఉంటుందా లేదా, అదొక్కటే ఆమెకు కావాలి. లోపల ప్లేట్లు ఎత్తుతున్నారు. కుర్చీలు సర్దుకుంటున్నాయి. లేచి చీర కుచ్చిళ్లు సరిచేసుకున్నాను, ఫైలు తెరవబోయి మానేశాను. ఇక అందులో చూడాల్సిందేమీ లేదు. కార్లు తుడిచే అతను బకెట్ నీళ్లు చెట్టు మొదట్లో పారబోసి, చేతులు నడుముకి పెట్టుకుని కారుని మెచ్చుకోలుగా చూసుకుంటున్నాడు. తలుపు తెరిచి, రమ్మన్నారు.

వెళ్లి కూర్చున్నాను. పెద్ద డాక్టరుగారు జీవితమంతా సర్జన్‌గా చేసి రిటైరైన మనిషి, చేతివేళ్లు ఇప్పటికీ బల్ల మీద కుదురుగా ఉంటాయి. "ఏం నిర్ణయించుకున్నారు?" అన్నారు.

"మీరిచ్చిన ఒక్క వరసా తీసుకుంటానండీ" అన్నాను. లెక్కల మెంబరావిడ ముఖం విప్పారింది. "ఒక్క వరసే. దానికి రెండు తోకలు కావాలి." తోక అంటే ఏమిటో చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ అందరి తలలూ అనుకున్నట్టే కంప్యూటర్ల అధికారి వైపు తిరిగాయి, ఆయన అనుకున్నట్టే తల ఊపాడు, అనుకున్నదానికంటే కాస్త గట్టిగానే ఊపాడు. "మొదట విడిగా, తర్వాత గుంపులో. గుంపు పాఠం మంచిది, మీరే ముందు చెప్పారు, నేను ఆలస్యంగా ఒప్పుకుంటున్నాను. కాకపోతే మాట పుట్టేటప్పుడు పక్కన నలుగురుంటే పుట్టదు."

పెద్ద డాక్టరుగారు తన చేతుల వైపు చూసుకున్నారు. ఆ చేతులు ఎన్ని గొంతులు తీసి ఉంటాయో నాకు తెలియదు, అడగను కూడా. "మేం ప్రాణం కాపాడి పంపించేస్తాం" అన్నారు, ఎవరితోనూ కానట్టు. "ఆ తర్వాత వాళ్లు మాట్లాడారో లేదో మాకు చెప్పేవాళ్లే ఉండరు."

మెంబరావిడ మాత్రం ఇంకా వదల్లేదు. వదలకూడదు కూడా, ఆవిడ పని అది. "సరేనమ్మా. మరి ఈ విడి పాఠానికి హద్దేది? మీ ఆసుపత్రి సరే, ఇంకో ఆసుపత్రి ఏళ్ల తరబడి విడిగానే నేర్పుతున్నామని పంపుతుంది. అప్పుడు?"

"మొదటి మాట వచ్చేదాకానే విడిగా. వచ్చాక గుంపులోకే."

"వచ్చిందని మాకెలా తెలుస్తుంది? టీచరు రాసిస్తే అది టీచరు మాట. మీరు రాసిస్తే మీ మాట. మాకు రుజువు కావాలి."

ఈ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. ఫైల్లో లేదు, వరండాలో తట్టలేదు. క్షణం సేపు లోపలంతా ఖాళీ అయిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే ఆ ఖాళీలో కూడా నాకు భయం వేయలేదు, ఎత్తు నుంచి దూకేటప్పుడు కాళ్ల కింద నీళ్లున్నాయని తెలిసినట్టు ఉంది.

"రోగినే అడగండి" అన్నాను. "మీ ఆఫీసు నుంచే ఫోన్ చేసి, మాట వచ్చిందా అని అడగండి. వచ్చింది అంటే వచ్చినట్టే కదా."

"రాలేదంటే?"

"రాలేదని ఎవరూ అనలేరండీ."

ఆ మాట ఆవిడకు చేరడానికి కాస్త సమయం పట్టింది, చేరిందని ఆవిడ చేతిని బట్టి తెలిసింది: కళ్లద్దాలు తీసింది, గొలుసుకు వేలాడదీసింది, బొటనవేలితో కంటి కొస తుడుచుకుని, ఏదో నలక పడ్డట్టు మళ్లీ తుడుచుకుంది. పెద్ద డాక్టరుగారు గట్టిగా నవ్వారు, ఈసారి దగ్గు నటించలేదు. "రాసుకోండి" అన్నారు పక్కనున్న గుమాస్తాతో. "మొదటి మాట వచ్చేదాకా విడిగా. రుజువు, రోగి స్వయంగా చెప్పడం. అభ్యంతరాలున్నవాళ్లు చేతులెత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు.

మెట్లు దిగుతూనే టీచరమ్మకు ఫోన్ చేశాను. ఎత్తింది గానీ హలో అనలేదు. అలక. మొత్తం చెప్పాను, వరస, తోకలు, విడిగా, ఆ తర్వాత గుంపుగా, మెంబరావిడ అడిగిందీ నేను అన్నదీ. చెబుతుంటే నా గొంతు మెట్ల దారిలో మోగుతోంది, నాకే వింతగా వినిపించింది, ఇంత పెద్ద గొంతు నాకెప్పుడు వచ్చిందని.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నా." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మూడో అంతస్తులో ఒకాయన ఉన్నాడు. నిన్న ఆపరేషనైంది. లోపల ఏం తీసేశారో ఇంకా ఆయనకి పూర్తిగా అర్థం కాలేదనుకుంటా. పెదాలు కదుపుతాడు, ఏమీ రాకపోతే మనవైపు చూస్తాడు, మనకి వినబడలేదేమో అన్నట్టు."

"రేపు నిన్ను ఆయన దగ్గరికి పిలవమని వార్డులో చెప్తాను."

"రేపెందుకు?" అంది టీచరమ్మ. "ఇప్పుడే పైకి వెళ్లి నేనే ఆయనకి చెప్తాను, మాట వస్తుందని."